ఆకాశపటంలో హైదరాబాదు పట్టీ, మధిర ఆకాశం: తెలుగునేలపై ఔత్సాహిక ఖగోళ ఛాయాగ్రహణం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

సుదూర సర్పిల గెలాక్సీలను సొంత పరికరాలతో ఛాయాచిత్రాలుగా తీయడం ఈనాడు చిన్న పట్టణాలకు కూడా అందిన అభిరుచి. ఈ అభిరుచికి తెలుగునేలపై ఒక పూర్వచరిత్ర ఉంది. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు నెలకొల్పిన వేధశాల, 1868లో గుంటూరులో జరిగిన సూర్యగ్రహణ ఛాయాగ్రహణం, 1901లో నవాబు జఫర్ జంగ్ చొరవతో పుట్టిన నిజామియా వేధశాల, అది చేపట్టిన ఆకాశపటం పని అందులో ప్రధాన ఘట్టాలు. వీటిని నాటి నిజాం రాజ్యంలో భాగమైన మధిర ప్రాంతపు ఆకాశంతో అన్వయించి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. నిజామియా ఫలకాలు గెలాక్సీల కోసం తీసినవి కావు. అయినా ఆ కొలతలు నేటి ఔత్సాహికుని పనికి పరోక్షంగా ఆధారమయ్యాయని ఈ పరిశీలనలో తేలుతుంది.

కీలకపదాలు: ఖగోళ ఛాయాగ్రహణం, సర్పిల గెలాక్సీ, నిజామియా వేధశాల, ఆకాశపటం, మధిర, ఔత్సాహిక ఖగోళశాస్త్రం.

1. ఉపోద్ఘాతం:

తెలుగువారికి ఆకాశం కొత్తది కాదు. కృత్తికలను పల్లెల్లో ‘పిల్లలకోడి’ అన్నారు. రాత్రి ఆకాశంలో అడ్డంగా పరచుకున్న తెల్లని చారను ‘పాలపుంత’ అన్నారు. పుంత అంటే దారి. అదే చారకు మరో పేరు ‘పాలవెల్లి’. వినాయకచవితినాడు విగ్రహంపైన కట్టే చట్రానికీ ఆ పేరే నిలిచింది. కార్తికమాసంలో ఆకాశదీపం ఎత్తే ఆచారం నేటికీ ఉంది. పంచాంగం ఇంటింటా ఉండడంవల్ల నక్షత్రాల పేర్లు నిత్యవ్యవహారంలోనే ఉన్నాయి.

ఉత్తరాభాద్ర నక్షత్రంలోని ఒక తార ఆధునిక తారామండల విభాగంలో ఆండ్రోమెడాకు చెందుతుంది. ఆ తారామండలాన్నే తెలుగు ఖగోళ రచనల్లో ‘దేవయాని’ అని వ్యవహరిస్తారు. పొరుగున ఉన్న కాసియోపియా ‘శర్మిష్ఠ’ అయింది. భారతకథలో విడదీయరాని వైరంతో ముడిపడిన ఇద్దరు స్త్రీలు ఆకాశంలో పక్కపక్కన నిలిచారు. ఆ దేవయాని మండలంలో చంద్రుడు లేని రాత్రి మామూలు కంటికి మసకగా కనిపించే చిన్న మేఘంలాంటి మచ్చ మనకు సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని సర్పిల గెలాక్సీ. ఈ మచ్చను పదో శతాబ్దపు పారశీక ఖగోళవేత్త అల్ సూఫీ 964 ప్రాంతంలో తన నక్షత్ర గ్రంథంలో నమోదు చేశాడు.

ఖమ్మం జిల్లాలోని మధిర వైరా నది ఒడ్డున, కాజీపేట – విజయవాడ రైలుమార్గంపై ఉన్న పట్టణం. నిజాం రాజ్యపు రైలుమార్గం 1889లో బెజవాడను చేరినప్పుడు ఈ ప్రాంతం కూడా ఆ దారిలోకి వచ్చింది. అప్పట్లో మధిర తాలూకా వరంగల్ జిల్లాలో ఉండేది. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. భద్రాచలం ప్రాంతం మద్రాసు రాష్ట్రం నుంచి ఆంధ్ర రాష్ట్రానికి వచ్చి, తూర్పుగోదావరి జిల్లాలో ఉండి, 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. మధిరకు దక్షిణాన ఉన్న గుంటూరు కూడా మద్రాసు రాజధానిలోనిదే. పాలనాపరంగా ఇలా వేరువేరు ఏలుబడుల్లో ఉన్న ఈ నేలకు ఆకాశం మాత్రం ఒక్కటే. ఈ ఆకాశాన్ని ఎవరు, ఎప్పుడు, ఎందుకు ఛాయాచిత్రంగా మలిచారన్నది ఈ వ్యాసంలో ప్రధాన ప్రశ్న.

2. నీహారిక గెలాక్సీగా మారిన క్రమం:

సర్పిలాకృతిని మొదట చూసింది కన్ను, నమోదు చేసింది చేయి. ఐర్లండులోని బర్ కోటలో లార్డ్ రాస్ 1845లో 72 అంగుళాల దర్పణంగల దూరదర్శినితో ఎం 51 అనే నీహారికలో సుడి ఆకారాన్ని గుర్తించి చిత్రం గీశాడు. అయితే గీసిన బొమ్మలో చూసినవాని ఊహ ఎంత, ఉన్నది ఎంత అనే సందేహం మిగులుతుంది. దేవయాని నీహారిక మనకు బాగా ఏటవాలుగా కనిపించడంవల్ల దాని ఆకృతి కంటికి మరింత అస్పష్టం.

ఈ చిక్కు విడిపోవడానికి మార్గం చూపినవాడు వృత్తిరీత్యా ఖగోళవేత్త కాదు. వేల్స్‌లో పుట్టి లివర్‌పూల్ ప్రాంతంలో భవన నిర్మాణ వ్యాపారం చేసిన ఐజాక్ రాబర్ట్స్ 20 అంగుళాల పరావర్తన దూరదర్శినికి ఫలకాన్ని అమర్చి, గంటల తరబడి కాంతిని పోగుచేశాడు. 1888 డిసెంబరు 29న ఆయన తీసిన ఛాయాచిత్రంలో దేవయాని నీహారిక సర్పిల నిర్మాణం స్పష్టంగా కనిపించింది. కన్ను క్షణంలో చూసి మరచిపోయే వెలుతురును ఫలకం గంటల తరబడి కూడబెట్టగలదు. ఛాయాగ్రహణం ఖగోళశాస్త్రానికి ఇచ్చిన అసలు బలం ఇదే.

చిత్రం దొరికినంత మాత్రాన అర్థం దొరకలేదు. ఆ సుడిలో పుట్టుకొస్తున్న ఒక సౌరకుటుంబం ఉందని రాబర్ట్స్ భావించాడు. లాప్లాస్ నాటినుంచి వస్తున్న నీహారికా సిద్ధాంతం ఆయన చూపును నడిపించింది. ఈ నీహారికలు పాలపుంతలోనివా, పాలపుంతకు బయట ఉన్న వేరే నక్షత్ర ప్రపంచాలా అనే వాదం మరో మూడు దశాబ్దాలకు పైగా సాగింది. 1920 ఏప్రిల్ 26న వాషింగ్టన్‌లో హార్లో షాప్లీ, హీబర్ కర్టిస్ ఈ విషయమై ఎదురెదురుగా నిలిచారు. సర్పిలాలు స్వతంత్ర గెలాక్సీలని కర్టిస్ వాదించాడు. షాప్లీ అంగీకరించలేదు. 1923 అక్టోబరులో ఎడ్విన్ హబుల్ మౌంట్ విల్సన్‌లోని 100 అంగుళాల దూరదర్శినితో తీసిన ఫలకంపై దేవయాని నీహారికలో ఒక సెఫీడ్ చరతారను గుర్తించాడు. ఆ తార వెలుగు హెచ్చుతగ్గుల కాలాన్నిబట్టి దూరం లెక్కిస్తే అది పాలపుంతకు చాలా ఆవల ఉందని తేలింది. 1925 జనవరి 1న ఈ ఫలితం అమెరికన్ ఖగోళవేత్తల సమావేశంలో వెల్లడయింది. హబుల్ మొదట చెప్పిన దూరం సుమారు 9 లక్షల కాంతి సంవత్సరాలు. తర్వాతి సవరణలతో అది 25 లక్షలకు చేరింది.

ఈ క్రమాన్ని గమనిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. తొలి ఛాయాచిత్రం ఔత్సాహికునిది, నిర్ణయాత్మకమైన కొలత సంస్థది. ఈ రెండింటి మధ్య సంబంధం తెలుగునేలపై ఎలా సాగిందో తర్వాతి విభాగాల్లో చూడవచ్చు.

3. తెలుగునేలపై తొలి ప్రయత్నాలు:

విశాఖపట్నం జమీందారు గోడే వెంకట జగ్గారావు (1817–1856) మద్రాసు వేధశాలలో టి. జి. టేలర్ వద్ద ఖగోళశాస్త్రం నేర్చుకుని, 1840 ప్రాంతంలో తన డాబాగార్డెన్స్ ఆవరణలో సొంత వేధశాలను నెలకొల్పారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు (1827–1892) ప్రభుత్వోద్యోగం వదిలి ఆ వేధశాల బాధ్యత చేపట్టారు. గ్రహణాలు, 1874 నాటి శుక్రగ్రహ సంక్రమణం వంటి ఘటనలపై ఆయన చేసిన పరిశీలనలు లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ దాకా వెళ్లాయి. ఆ సొసైటీలో ఆయన సభ్యుడు కూడా. సొంత ఖర్చుతో, సొంత ఆసక్తితో శాస్త్రీయ ప్రమాణాలకు తగిన పని చేయడమే ఔత్సాహికత అనుకుంటే, తెలుగువారిలో దానికి మార్గదర్శకులు వీరిద్దరే.

ఆకాశాన్ని ఛాయాచిత్రంగా తీసే పని మధిరకు సుమారు 70 కిలోమీటర్ల దూరంలోని గుంటూరులో 1868లోనే జరిగింది. ఆ ఏడాది ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం దక్కన్ మీదుగా కోస్తాకు సాగింది. ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్సెన్ గుంటూరులో ఒక ఫ్రెంచి వర్తకుని ఇంటిని స్థావరంగా చేసుకుని వర్ణపటదర్శినితో సూర్యుని అగ్నిశిఖలను పరిశీలించాడు. గ్రహణం ముగిశాక కూడా ఆ శిఖలను చూడవచ్చని గ్రహించి మరునాడు చూశాడు. అదే గుంటూరులో మేజర్ టెనెంట్ నాయకత్వంలోని బ్రిటిష్ బృందం పరావర్తన దూరదర్శినితో గ్రహణాన్ని ఛాయాచిత్రాలుగా తీసింది. నాటి ఛాయాపథం వెడల్పు 200 కిలోమీటర్లకు మించినది. గుంటూరు దాని మధ్యరేఖకు చేరువలో ఉంది. కనుక మధిర ప్రాంతం కూడా ఆ నీడలోకే వచ్చింది.

ఈ రెండు ఉదాహరణల మధ్య తేడాను గుర్తించడం అవసరం. విశాఖలో పరికరం ఊరిలోనే ఉంది, పరిశీలకుడు ఊరివాడే. గుంటూరులో పరికరాలు ఓడల్లో వచ్చి, పని ముగిశాక తిరిగి వెళ్లాయి. ఆ నేలకు మిగిలింది శాస్త్ర చరిత్రలో ఒక ఊరి పేరు మాత్రమే.

4. నిజామియా వేధశాల: ఒక ఔత్సాహికుని చొరవ:

ఇరవయ్యో శతాబ్దారంభంలో హైదరాబాదుకు ఛాయాచిత్రం కొత్త కాదు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన లాలా దీన్‌దయాళ్ రాజభవనాలను, దర్బారులను, వేటలను ఫలకాలపై నిలిపారు. అయితే అది కొలువును చూపే ఛాయాగ్రహణం. ఆకాశం వైపు చూపు మళ్లించినవారు హైదరాబాదు ప్రభువర్గానికి చెందిన, ఇంగ్లండులో చదువుకున్న నవాబు జఫర్ జంగ్. ఆయన 1901లో గ్రబ్ సంస్థ తయారుచేసిన 15 అంగుళాల వక్రీభవన దూరదర్శినిని తెప్పించి, ఫిసల్‌బండ వద్ద తన ఎస్టేటులో నెలకొల్పారు. వేధశాలకు ‘నిజామియా’ అని పేరు పెట్టుకోవడానికి నిజాం అనుమతి కోరారు. తన తర్వాత ప్రభుత్వం దానిని స్వీకరించాలని కూడా అభిలషించారు.

జఫర్ జంగ్ 1907లో మరణించారు. మరుసటి ఏడాది, 1908లో, వేధశాల నిజాం ప్రభుత్వ ఆర్థికశాఖ పరిధిలోకి వచ్చింది. తర్వాత అది బేగంపేటకు మారింది. తొలి డైరెక్టరు ఆర్థర్ చాట్‌వుడ్, ఆయన తర్వాత 1914 నుంచి ఆర్. జె. పోకాక్ పనిచేశారు. 1918లో పోకాక్ మరణించగా టి. పి. భాస్కరన్ బాధ్యత స్వీకరించి 1944 దాకా నడిపించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడిన మరుసటి ఏడాది, 1919లో, వేధశాల దానికి అనుబంధమైంది.

ఒక వ్యక్తి అభిరుచి ఏడేళ్లలో రాజ్యపు ఖర్చుపద్దులోకి చేరడం ఇక్కడ గమనించవలసిన మలుపు. ఆర్థికశాఖ నిధులంటే రాజ్యాదాయం. ఆ ఆదాయంలో భూమిశిస్తు ప్రధాన భాగం. నక్షత్రాల కొలతకు డబ్బు సమకూర్చిన ఖజానాలోకి మధిర వంటి మారుమూల తాలూకాల సేద్యపు ఫలం కూడా చేరింది. ఆ శిస్తు కట్టినవారికి దూరదర్శిని సంగతి తెలిసే అవకాశం లేకపోయినా, ఈ శాస్త్రకృషి కేవలం రాజధాని నగరపు వారసత్వమని అనుకోవడానికి వీలులేదు.

5. ఆకాశపటంలో హైదరాబాదు పట్టీ:

1887లో పారిస్‌లో అడ్మిరల్ ముషే చొరవతో జరిగిన అంతర్జాతీయ సమావేశం మొత్తం ఆకాశాన్ని ఛాయాచిత్రాలుగా తీయాలని నిర్ణయించింది. ‘కార్ట్ దు సియెల్’, అంటే ఆకాశపటం, అనే ఈ పథకంలో రెండు పనులు ఉన్నాయి. మొదటిది సుమారు 11వ ప్రకాశ పరిమాణం వరకు ఉన్న తారల స్థానాలను కొలిచి పట్టికగా ప్రచురించడం. రెండవది 14వ పరిమాణం వరకు తారలున్న పటాలను తయారుచేయడం. ఆకాశాన్ని క్రాంతి అక్షాంశాల ప్రకారం పట్టీలుగా విడదీసి వేధశాలలకు పంచారు.

దక్షిణ క్రాంతి 17 నుంచి 23 డిగ్రీల వరకు ఉన్న పట్టీ మొదట చిలీలోని శాంటియాగోకు దక్కింది. అక్కడ పని సాగకపోవడంతో అది హైదరాబాదుకు వచ్చింది. భౌగోళికంగా ఇది తగిన ఎంపిక. హైదరాబాదు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. దక్షిణ క్రాంతి 20 డిగ్రీల వద్ద ఉన్న తార ఇక్కడ దక్షిణ దిక్కున దిగంతానికి 52 డిగ్రీలకు పైగా ఎత్తుకు వస్తుంది. అదే తార గ్రీనిచ్‌లో 19 డిగ్రీల ఎత్తు కూడా దాటదు. దిగంతానికి దగ్గరగా ఉన్న తార కాంతి మందమైన గాలిపొరల గుండా రావడంవల్ల చెదిరి, మసకబారుతుంది. ఈ పనికి హైదరాబాదులో కుక్ సంస్థవారి 8 అంగుళాల ఛాయాగ్రాహక దూరదర్శినిని వాడారు. తర్వాత జర్మనీలోని పోట్స్‌డామ్ పూర్తి చేయని ఉత్తర పట్టీలో 36 నుంచి 39 డిగ్రీల వరకు ఉన్న భాగాన్ని కూడా హైదరాబాదే స్వీకరించింది. దక్షిణపు పట్టీ ఫలకాలు 1914 తర్వాతి ఒకటిన్నర దశాబ్దంలోను, ఉత్తరపు పట్టీ ఫలకాలు ముఖ్యంగా 1930లలోను తీసినవి. ఫలితాలు 1917 నుంచి 1946 మధ్య 12 సంపుటాలుగా వెలువడ్డాయి.

పని పద్ధతి తెలిస్తేనే ఆ శ్రమ తెలుస్తుంది. పథకం ప్రమాణాల ప్రకారం ఒక్కో గాజు ఫలకం 16 సెంటీమీటర్ల చదరం. దానిపై ఆకాశంలో రెండు డిగ్రీల చదరం పడుతుంది. ఆకాశంలో ఒక కళ, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, ఫలకంపై ఒక మిల్లీమీటరు. ఫలకంపై ముందుగా 5 మిల్లీమీటర్ల ఎడంతో గళ్లగీతలను ముద్రించేవారు. రసాయనపు పూత ఆరేటప్పుడు కొద్దిగా సాగినా కుంచించుకుపోయినా ఆ గీతలనుబట్టి దోషాన్ని సరిచేయవచ్చు. ఆ తర్వాత ఒక్కో తార స్థానాన్ని సూక్ష్మదర్శినిలో చూసి కొలవాలి, రాయాలి, లెక్కకట్టాలి, సరిచూడాలి. ఇదంతా చేత్తో జరిగిన పని.

ఈ శ్రమ చేసినవారు చరిత్రలో అరుదుగా కనిపిస్తారు. వాటికన్ వేధశాలలో కొలతలు తీసిన నలుగురు సన్యాసినుల పాత్ర ఇటీవలి దశాబ్దాల్లోనే ప్రచారంలోకి వచ్చింది. నిజామియా గురించిన కథనాల్లోనూ డైరెక్టర్ల పేర్లే ముందు నిలుస్తాయి. సహాయకుల్లో ఒకరి పేరు మాత్రం విస్తృతంగా వినిపిస్తుంది. అది కూడా ఆయన కుమారుని ప్రసిద్ధివల్ల. ఆ కుమారుడే వైను బప్పు.

6. పట్టీలో ఉన్నవి, ఫలకానికి అందనివి:

హైదరాబాదు కొలిచిన దక్షిణ పట్టీలో తారలు మాత్రమే లేవు. సీటస్ మండలంలోని ఎన్‌జీసీ 247, ఎరిడనస్ మండలంలోని ఎన్‌జీసీ 1232, ఎన్‌జీసీ 1300 అనే సర్పిల గెలాక్సీలు, ఒకదానితో ఒకటి ఢీకొంటున్న ‘యాంటెన్నా’ గెలాక్సీల జంట ఆ పట్టీ హద్దుల్లోనే ఉన్నాయి. వీటిలో ఎన్‌జీసీ 1232 మనకు దాదాపు ఎదురుగా తిరిగి ఉండడంవల్ల దాని సుడిచేతులు విప్పారిన పువ్వులా కనిపిస్తాయి. ఎన్‌జీసీ 1300 నడుమ అడ్డుపట్టెగల సర్పిలానికి ప్రసిద్ధ ఉదాహరణ. దేవయాని గెలాక్సీ మాత్రం ఉత్తర క్రాంతి 41 డిగ్రీల వద్ద, హైదరాబాదు స్వీకరించిన ఉత్తర పట్టీకి కొద్దిగా పైన మిగిలిపోయింది. ఆ పట్టీ ఫిన్లండులోని హెల్సింకి వేధశాలది.

అయితే పట్టీలో ఉండడం వేరు, ఫలకంపై పడడం వేరు. తారల పట్టిక కోసం తీసే ఛాయాచిత్రానికి పథకంలో నిర్ణయించిన ప్రధాన సమయం ఆరు నిమిషాలు మాత్రమే. గెలాక్సీల పలుచని వెలుగును రాబట్టడానికి గంటలు కావాలి. ఎన్‌జీసీ 1232 వెడల్పు సుమారు ఏడు కళలు. అంటే ప్రామాణిక ఫలకంపై ఏడు మిల్లీమీటర్లు. ఆ ఏడు మిల్లీమీటర్లలో సుడిచేతులు పడేంత సమయం ఆ పనికి కేటాయించలేదు. ఒకవైపు అమెరికాలో సర్పిలాల స్వభావంపై వాదం నడుస్తున్న సంవత్సరాల్లోనే, మరోవైపు హైదరాబాదులో అవే సర్పిలాలున్న ఆకాశంలో చుట్టూ ఉన్న తారల స్థానాలను కొలుస్తున్నారు.

దీనిని వైఫల్యంగా చిత్రించడం సులభం. ఆకాశపటం పథకంలో చిక్కుకుని అనేక వేధశాలలు కొత్త ఖగోళభౌతిక పరిశోధనకు దూరమయ్యాయనే విమర్శ ఖగోళశాస్త్ర చరిత్రలో ఉన్నదే. ఆ విమర్శలో నిజం ఉంది. అయితే స్థాన కొలతల విలువ కాలంతో తగ్గదు, పెరుగుతుంది. తార ఇప్పుడు ఎక్కడుందో తెలిస్తే చాలదు. అది ఎటు కదులుతోందో చెప్పాలంటే ఒకప్పుడు ఎక్కడుందో తెలియాలి. అమెరికా నౌకాదళ వేధశాల ఆకాశపటం పట్టికలన్నిటినీ తిరిగి లెక్కించి 1997లో ‘ఏసీ 2000’ పేరుతో విడుదల చేసింది. యూరప్‌వారి హిప్పార్కస్ ఉపగ్రహపు పరిశీలనలతో ఆ పాత స్థానాలను పోల్చి 2000లో ‘టైకో 2’ అనే పట్టికను రూపొందించారు. అందులో 25 లక్షల తారల స్థానాలు, చలనాలు ఉన్నాయి. బేగంపేటలో చేత్తో తీసిన కొలతలు ఆ అంకెల్లో అంతర్లీనంగా ఉన్నాయి.

7. వైను బప్పు: ఫలకంపై పెరిగిన ఔత్సాహికుడు:

మనాలి కల్లాట్ వైను బప్పు 1927 ఆగస్టు 10న మద్రాసులో జన్మించారు. తండ్రి నిజామియా వేధశాలలో సహాయక ఖగోళవేత్త కావడంవల్ల బాల్యం హైదరాబాదులో గడిచింది. నిజాం కళాశాలలో చదువుతున్న రోజుల్లోనే ఆయన చరతారలను పరిశీలించి పరిశోధన పత్రాలు ప్రచురించారు. హైదరాబాదుకు వచ్చిన హార్లో షాప్లీని కలుసుకున్నారు. హైదరాబాదు ప్రభుత్వ ఉపకారవేతనంతో 1949లో హార్వర్డ్‌కు వెళ్లారు. సర్పిలాలు వేరే గెలాక్సీలు కావని 1920లో వాదించిన షాప్లీయే అప్పటికి హార్వర్డ్ వేధశాల అధిపతి. తన వాదం తప్పని రుజువయ్యాక గెలాక్సీల సర్వేకే దశాబ్దాలు వెచ్చించిన శాస్త్రవేత్త ఆయన.

హార్వర్డ్‌లో చేరిన కొద్దికాలానికే, 1949 జూలైలో, తాను తీసిన ఒక ఛాయాచిత్ర ఫలకాన్ని పరిశీలిస్తుండగా బప్పుకు కొత్త తోకచుక్క కనిపించింది. బార్ట్ బాక్, గోర్డన్ న్యూకిర్క్ దానిని ధ్రువీకరించడంతో అది ‘బప్పు – బాక్ – న్యూకిర్క్’ తోకచుక్కగా ప్రసిద్ధమైంది. ఫలకం ఒకందుకు తీస్తే మరొకటి చూపించింది. తర్వాత కొడైకెనాల్, కావలూరు వేధశాలలకు బప్పు చేసిన సేవ భారతీయ ఖగోళశాస్త్రానికి పునాది అయింది.

హైదరాబాదులో నగరపు వెలుగు పెరగడంతో బేగంపేటలో పరిశీలన కష్టమైంది. ఇబ్రహీంపట్నం సమీపంలోని జపాల్ – రంగాపూర్‌లో 1968–69 ప్రాంతంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం 48 అంగుళాల దూరదర్శినిని నెలకొల్పింది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడినుంచి పరిశీలించారు. చీకటిని వెతుక్కుంటూ వేధశాల నగరాన్ని వదిలి పల్లెకు వెళ్లింది. ఒకప్పుడు శాస్త్రానికి నగరం కావలసివచ్చింది. ఇప్పుడు నగరానికి దూరం కావలసివచ్చింది.

8. మధిర ఆకాశం: నేటి సాధన:

ఈ పూర్వరంగంలో మధిర వంటి పట్టణం ప్రాధాన్యం అర్థమవుతుంది. మధిర అక్షాంశం సుమారు 16.9 డిగ్రీలు. దేవయాని గెలాక్సీ ఇక్కడ ఉత్తర దిక్కున 65 డిగ్రీల ఎత్తుకు చేరుతుంది. నవంబరు మధ్యలో, అంటే సాధారణంగా కార్తికమాసంలో, రాత్రి తొమ్మిది గంటల ప్రాంతంలో అది ఆ ఎత్తున ఉంటుంది. వానలు వెనుకబట్టి ఆకాశం తేటపడే కాలమది. దీపావళి అమావాస్యనాడు చంద్రుడు ఉండడు కాని బాణసంచా పొగ ఉంటుంది. కార్తిక బహుళ అమావాస్య ఈ పనికి అంతకన్న అనుకూలం. ఎన్‌జీసీ 1232 డిసెంబరు చివర అదే వేళకు దక్షిణాన 52 డిగ్రీల ఎత్తున ఉంటుంది.

మధిరకు వాయవ్యాన ఖమ్మం, ఆగ్నేయాన విజయవాడ ఉన్నాయి. రెండూ సుమారు 50 కిలోమీటర్ల దూరంలోనివే. విజయవాడ వెలుగు ఆగ్నేయ దిగంతాన్ని కమ్ముతుంది. కనుక దక్షిణపు గెలాక్సీలను అవి ఉదయించేటప్పుడు కాక, బాగా పైకి వచ్చాకే తీయడం మేలు. ఈశాన్యంగా కొత్తగూడెం, పాల్వంచ దాటి భద్రాచలం అడవుల అంచుకు వెళ్లేకొద్దీ ఊళ్ల వెలుగు పలచబడుతుంది. అయితే బొగ్గుగనులు, విద్యుత్కేంద్రాల దీపాలు ఆ ప్రాంతంలోనూ ఉన్నాయి.

నేటి ఔత్సాహికునికి గాజు ఫలకం అవసరం లేదు. మామూలు డిజిటల్ కెమెరా, 135 లేదా 200 మిల్లీమీటర్ల కటకం, భూభ్రమణాన్ని అనుసరించి కెమెరాను తిప్పే చిన్న యంత్రం ఉంటే దేవయాని గెలాక్సీని తీయవచ్చు. ఆకాశంలో దాని పొడవు సుమారు మూడు డిగ్రీలు, అంటే ఆరు నిండు చందమామల వరుస. యంత్రపు అక్షాన్ని ధ్రువతారకు గురిపెట్టాలి. మధిరలో ధ్రువుడు దిగంతానికి 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. చెట్లు, మేడలు, దిగంతపు మసక అడ్డుపడతాయి. ఉత్తరం వైపు తెరపిగా ఉన్న పొలంగట్టో, ఎత్తైన మేడో వెతుక్కోవాలి.

రాబర్ట్స్ గంటల తరబడి ఒకే ఫలకాన్ని తెరిచి ఉంచితే, నేటివారు ఒకటి రెండు నిమిషాల చిత్రాలు వందలకొద్దీ తీసి కంప్యూటరులో కలుపుతారు. యాదృచ్ఛికమైన మచ్చలు చిత్రచిత్రానికీ మారుతాయి, గెలాక్సీ వెలుగు మారదు. అందువల్ల వంద చిత్రాలను సగటు చేస్తే ఆ మచ్చల ప్రభావం పదో వంతుకు తగ్గుతుంది. కటకానికి మూతపెట్టి తీసిన చిత్రాలతో కెమెరా సొంత దోషాలను తీసివేస్తారు. ఆకాశపటం ఫలకంపై గళ్లగీతలు చేసిన పనికి ఇది మరో రూపం: పరికరం చెప్పే అబద్ధాన్ని ముందుగా తెలుసుకుని, దానిని లెక్కలోంచి తొలగించడం.

చిత్రాల్లోని తారల అమరికను తారల పట్టికతో పోల్చి కెమెరా ఆకాశంలో ఎటు చూస్తోందో కంప్యూటరు గుర్తించే ప్రక్రియను ఔత్సాహికులు ‘ప్లేట్ సాల్వింగ్’ అంటారు. ఫలకాలు పోయినా మాటలో ఫలకం మిగిలింది. ఈ పనికి విస్తృతంగా వాడిన పట్టికల్లో టైకో 2 ఒకటి. మధిర శివారునుంచి ఎన్‌జీసీ 1232ను తీసిన చిత్రాన్ని ఆ పట్టికతో సరిపోల్చినప్పుడు, ఆ గెలాక్సీ చుట్టూ ఉన్న తారల చలనాల వెనుక హైదరాబాదు పట్టీ కొలతలు ఉంటాయి.

ఔత్సాహికుల చిత్రాలు కేవలం వినోదానికే అనుకోవడం కూడా సరికాదు. ఇటీవల మార్సెల్ డ్రెక్స్‌లర్, జేవియర్ స్ట్రాట్నర్, యాన్ సెయింటీ అనే ఐరోపా ఔత్సాహికులు దేవయాని గెలాక్సీ పక్కన అయనీకృత ఆక్సిజన్ వెలువరించే ఒక పెద్ద చాపాన్ని గుర్తించారు. వృత్తి ఖగోళవేత్తలతో కలిసి వారు దానిని 2023లో ప్రచురించారు. శతాబ్దానికి పైగా లెక్కలేనన్నిసార్లు ఛాయాచిత్రాలుగా తీసిన గెలాక్సీ పక్కనే అది ఇంతకాలం కనబడకుండా ఉంది. ఒకే రంగు కాంతిని మాత్రమే రానిచ్చే వడపోత గాజుతో అనేక రాత్రులపాటు ఓపికగా తీయడంవల్ల అది బయటపడింది. ఏ పెద్ద వేధశాలా ఒకే లక్ష్యానికి అన్ని రాత్రులు కేటాయించడం కష్టం. ఔత్సాహికునికి ఉన్న బలం పరికరం కాదు, తన కాలంపై తనకున్న అధికారం.

9. ముగింపు:

పై పరిశీలన ఆధారంగా కొన్ని విషయాలు నిర్ధారించవచ్చు.

• తెలుగునేలపై ఆధునిక ఖగోళ పరిశీలనకు పునాది వేసినవారిలో జగ్గారావు, నరసింగరావు, జఫర్ జంగ్ వంటి ఔత్సాహికులు ముఖ్యులు. ప్రభుత్వం, విశ్వవిద్యాలయం ఆ తర్వాత ప్రవేశించాయి.

• నిజామియా ఫలకాలు సర్పిల గెలాక్సీలను లక్ష్యంగా పెట్టుకోలేదు. అయినా అవి ఉన్న ఆకాశానికి కొలతల చట్రాన్ని ఇచ్చాయి. ఆ చట్రం నేటి డిజిటల్ సాధనాల్లోనూ కొనసాగుతోంది.

• ఆ పని వెనుక ఉన్న కొలతగాళ్లు, గణకులు, సహాయకుల పేర్లను, జీవితాలను వెలికితీయడం తెలుగు చరిత్ర పరిశోధకులు చేపట్టదగిన పని. తారలకు సంఖ్యలు ఇచ్చినవారికి పేర్లు లేకపోవడం సరిదిద్దదగిన లోపం.

• వేధశాలను బేగంపేట నుంచి రంగాపూర్‌కు నెట్టిన నగరకాంతి ఇప్పుడు చిన్న పట్టణాల వైపు సాగుతోంది. మధిర మొదలు భద్రాచలం అడవుల అంచు వరకు ఉన్న చీకటి కూడా చెరువులా, కోటలా కాపాడుకోవలసిన వారసత్వమే. వీధిదీపం వెలుగును నేలవైపు మళ్లించే మూత వంటి చిన్న ఏర్పాటు కూడా ఇందుకు తోడ్పడుతుంది.

దేవయాని గెలాక్సీనుంచి నేడు కెమెరాను చేరుతున్న వెలుగు 25 లక్షల ఏళ్లనాడు బయలుదేరింది. అంతదూరం చెదరకుండా వచ్చిన ఆ వెలుగు చివరి కొద్ది కిలోమీటర్లలో ఊరి దీపాల మధ్య కలిసిపోతోంది. ఆ కొద్ది కిలోమీటర్ల బాధ్యత మాత్రం నేలమీద ఉన్నవారిదే.